పరాయి ఊరిలో ఆంగ్లోపాధ్యాయుడు: ‘రివర్ టౌన్’ – ఓరుగల్లు ప్రాంతపు తరగతి గది నుంచి ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: చైనాలో ఆంగ్లం బోధించిన విదేశీ ఉపాధ్యాయుని నిత్యజీవితానుభవ రచనగా పీటర్ హెస్లర్ ‘రివర్ టౌన్’ ప్రసిద్ధం. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల తరగతి గదులను దృష్టిలో ఉంచుకొని ఆ గ్రంథాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. రాజమహేంద్రవరంలో పనిచేసిన ఆస్వాల్డ్ కూల్డ్రే, డోర్నకల్‌లో స్థిరపడిన వి.ఎస్. అజరయ్య జీవితాలు ఇందుకు పోలికలుగా ఉపకరించాయి.

కీలకపదాలు: అనుభవ రచన, ఆంగ్లబోధన, పరాయితనం, మాతృభాష, గురుశిష్య సంబంధం.

1. ప్రవేశిక

పరాయి దేశంలో పాఠం చెప్పేవానికి రెండు పనులు ఉంటాయి. తనకు తెలిసిన భాషను ఇతరులకు నేర్పడం ఒకటి; తనకు తెలియని ఊరిని తాను నేర్చుకోవడం రెండవది. మొదటి పనికి జీతం ముడుతుంది. రెండవ పని అతని విచక్షణకు విడిచిపెట్టినది. ఈ తరహా అనుభవ రచనల విలువ చాలావరకు ఆ రెండవ పనిని రచయిత ఎంత నిజాయితీగా చేశాడనే దానిపై ఆధారపడి ఉంటుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

అమెరికాకు చెందిన పీటర్ హెస్లర్ పీస్ కోర్ తరఫున 1996లో చైనాలోని ఫూలింగ్ పట్టణానికి వెళ్లి, అక్కడి ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో రెండేళ్లపాటు ఆంగ్లసాహిత్యం బోధించాడు. యాంగ్‌ట్సీ, ఊ నదుల సంగమం వద్ద ఉన్న ఆ పట్టణానికి అప్పటికి రైలు మార్గం లేదు. ఆ అనుభవమే 2001లో ‘రివర్ టౌన్’గా వెలువడింది. అతని విద్యార్థులు ఎక్కువగా రైతుకుటుంబాల పిల్లలు. చదువు ముగిశాక పల్లె బడులలో ఆంగ్లోపాధ్యాయులు కావలసినవారు. ఈ ఒక్క సంగతి చాలు, మన ప్రాంతపు అధ్యాపకులకు ఈ గ్రంథం దూరపుదిగా అనిపించకపోవడానికి.

2. రచయితలోని ఇద్దరు

హెస్లర్‌కు చైనాలో ‘హో వెయ్’ అనే పేరు పెట్టారు. గ్రంథంలో అతడు ఈ పేరును వేరొక వ్యక్తిగానే చిత్రిస్తాడు. హో వెయ్ తడబడే భాషతో నూడుల్స్ దుకాణంలో, వీధిలో, తేనీటి అంగడిలో అందరితో కబుర్లాడతాడు. జనం అతణ్ణి చూసి నవ్వుతారు, అయినా మనసు విప్పి మాట్లాడతారు. అతడు రాసుకువచ్చిన పుస్తకాలను ముందు పెట్టుకొని, ఆంగ్లంలో గ్రంథం రచించేవాడు పీటర్ హెస్లర్.

ఈ విభజన చమత్కారం కోసం చేసినది కాదు. విన్నవాడు వేరు, రాసినవాడు వేరు అనే ఒప్పుకోలు ఇందులో ఉంది. ఊరివారు నమ్మి మాట్లాడినది హో వెయ్‌తో. ఆ మాటలు చేరినది అమెరికా పాఠకులకు. ఈ సమస్యను రచయిత దాచిపెట్టలేదు, పరిష్కరించనూ లేదు. వీడ్కోలుకు ముందు వీధిలో దృశ్యాలు చిత్రీకరిస్తుండగా జనం గుమిగూడి ఎదురుతిరిగిన ఘట్టాన్ని కూడా అతడు నమోదు చేశాడు. రెండేళ్ల పరిచయం తరువాత కూడా కెమెరా చేతపట్టగానే తాను మళ్లీ పరాయివాడినయ్యానని పాఠకునికి తెలియజేసే ఆ ఘట్టం గ్రంథానికి బలం.

3. తరగతి గది: ఎవరి కవిత్వం?

ఫూలింగ్ తరగతిలో షేక్‌స్పియర్ 18వ సానెట్ బోధిస్తూ, అందులోని ప్రేమపాత్రం రూపాన్ని వర్ణించమని హెస్లర్ అడుగుతాడు. విద్యార్థులు తమ ప్రాచీన కవిత్వంలోని సుందరిని అక్కడికి తెచ్చి నిలబెట్టారు. మన విద్యార్థిని అడిగితే ప్రబంధ నాయికను తెస్తాడు. దీనిని అవగాహనాలోపంగా లెక్కిస్తే అధ్యాపకుడు ఓడిపోయినట్లే. పరాయి కవిత తన సాహిత్య స్మృతిలో చోటు సంపాదించుకున్న క్షణం అది. హెస్లర్ దానిని ఆనందంగా గుర్తించాడు.

అయితే ఒక ఆక్షేపణ చెప్పక తప్పదు. విద్యార్థుల వ్యాసభాగాలు గ్రంథంలో విరివిగా కనిపిస్తాయి. వాటిని ఎంపిక చేసినది గురువు. అవి రాసినది మార్కుల కోసం, గురువు భాషలో. తరగతిలో వాడిన ఆంగ్ల నామాలతోనే వారు గ్రంథంలోనూ తిరుగుతారు. ఆ పిల్లలు తమ ఇంటి యాసలో గురువును గురించి ఏమనుకున్నారో మనకు పూర్తిగా అందదు. తరువాతి కాలంలో హెస్లర్ ఆ విద్యార్థులతో ఉత్తరప్రత్యుత్తరాలు కొనసాగించి, మళ్లీ చైనాలో బోధించి, 2024లో ‘అదర్ రివర్స్’ ప్రచురించడం ఈ లోటును కొంత పూడ్చింది.

4. తెలుగునేలపై పోలికలు

తెలుగువారికి ఈ అనుభవం రెండవ వైపు నుంచి పరిచితమే. 20వ శతాబ్ది రెండవ దశకంలో రాజమహేంద్రవరం ప్రభుత్వ కళాశాల ప్రధానాచార్యుడుగా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా చిత్రకారుడు, కవి. ఇంగ్లండుకు తిరిగి వెళ్లాక 1924లో ‘సౌత్ ఇండియన్ అవర్స్’ ప్రచురించాడు. కాని తెలుగువారు అతణ్ణి స్మరించేది ఆ గ్రంథం వల్ల కాదు. దామెర్ల రామారావు, అడివి బాపిరాజు వంటి శిష్యుల వల్ల. రామారావు బొంబాయి జె.జె. కళాశాలకు వెళ్లడం వెనుక కూల్డ్రే ప్రోత్సాహం ఉంది. బాపిరాజు తరువాతి కాలంలో కాకతీయుల చరిత్రను ఇతివృత్తంగా తీసుకొని ‘గోన గన్నారెడ్డి’ రచించాడు. పరాయి గురువు శిష్యుణ్ణి తన దేశం వైపు కాక, శిష్యుని నేల వైపే తిప్పగలడనడానికి ఇది నిదర్శనం. గణపురం కోటగుళ్లను ప్రతిరోజూ దాటిపోయే భూపాలపల్లి విద్యార్థికి ఈ విషయం చెప్పదగినది.

రెండవ పోలిక మహబూబాబాద్ జిల్లాలోనే ఉంది. తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడైన వి.ఎస్. అజరయ్య 1909లో నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు వచ్చి, తెలుగు నేర్చుకొని, 1945లో మరణించేవరకు ఆ ప్రాంతానికే అంకితమయ్యాడు. అతడు ఆంగ్లోపాధ్యాయుడు కాడు, మతప్రచారకుడు. అయినా మన చర్చకు అతని మాట అవసరం. 1910లో ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ సభలో అతడు విదేశీ మిషనరీల త్యాగాన్ని కొనియాడుతూనే, వారి ప్రవర్తనలోని పెద్దరికాన్ని ఎత్తిచూపాడు. దానధర్మాలకన్న స్నేహం కావాలని అడిగాడు. పరాయి ఉపాధ్యాయుని రచనను తూచడానికి ఇంతకన్న సరైన ప్రమాణం లేదు. ఊరిని ప్రేమించానని రాయడం తేలిక; ఆ ఊరివారితో సమానంగా కూర్చున్నానని చూపడం కష్టం. ఈ ప్రమాణంతో చూసినప్పుడు ‘రివర్ టౌన్’లో నూడుల్స్ దుకాణపు పుటలు నెగ్గుతాయి, విద్యార్థి వ్యాసాలను ఉదాహరించిన పుటలు సగమే నెగ్గుతాయి.

5. మన జిల్లాలలో పరాయివాడు ఎవరు?

2016 అక్టోబరు 11న ఏర్పడిన ఈ మూడు జిల్లాల డిగ్రీ కళాశాలలలో ఆంగ్లం చెప్పేందుకు విదేశీయుడు రానక్కరలేదు. తండా నుంచి వచ్చిన విద్యార్థికి ఇంట్లో గోర్‌బోలి, బజారులో తెలుగు, తరగతిలో ఆంగ్లం. కోయగూడెం నుంచి వచ్చినవారిలో కోయభాష ఇంటిభాషగా గలవారికీ ఇదే స్థితి. ఫూలింగ్ విద్యార్థికి ఇంట్లో సిచువాన్ యాస, బడిలో ప్రామాణిక చైనీయం, ఆపైన ఆంగ్లం. రెండు చోట్లా ఆంగ్లం మూడవ మెట్టు. ఆ మొదటి మెట్టు ఎరుగని తెలుగు అధ్యాపకుడు, పొరుగు జిల్లావాడైనా, ఆ విద్యార్థికి పరాయివాడే. హెస్లర్ చైనీయం నేర్చుకోవడానికి ఇద్దరు గురువుల ముందు రోజూ తప్పులు చదివి దిద్దించుకున్నాడు. ఆ అవమానం అతని బోధనకు మేలు చేసింది. మనలో ఎందరం విద్యార్థి ముందు కూర్చొని పది గోర్‌బోలి మాటలు పలికి దిద్దించుకున్నాం?

జనగామ జిల్లా పాల్కురికి సోమనాథుని, బమ్మెర పోతనను స్మరించే నేల. పండితుల మార్గకవిత ప్రాబల్యం వహించిన కాలంలో సోమనాథుడు జానుతెనుగును, ద్విపదను ఎన్నుకోవడం శ్రోతను చేరడం కోసం. శ్రోత భాషకు కవి దిగిరావడం అక్కడ సాహిత్య విలువ అయింది. అది బోధనకూ విలువే.

6. ముగింపు

‘రివర్ టౌన్’ను చైనా గురించిన సమాచారం కోసం చదివితే అది 1990ల నాటి చిత్రం మాత్రమే. ఉపాధ్యాయుడు విద్యార్థిగా మారిన కథగా చదివితే నేటికీ మనతో మాట్లాడుతుంది. గురువు చేతిలోనే కలం ఉండిపోవడం దాని పరిమితి. ఆ పరిమితిని దాటే అవకాశం మన ప్రాంతపు పరిశోధకులకు ఉంది: అధ్యాపకుడు రాసుకున్న తరగతి దినచర్యను, అదే తరగతి విద్యార్థులు తమ ఇంటిభాషలో, తెలుగులిపిలో రాసినదానిని పక్కపక్కన ఉంచి పరిశీలించవచ్చు. అప్పుడు పరాయివాడెవరో అధ్యాపకుడొక్కడే తేల్చనక్కరలేదు. ఆ మాట చెప్పే అధికారం తరగతి గదిలో ఎదురుగా కూర్చున్నవారికి కూడా దక్కుతుంది.