గడి గోడల్లో ఉప్పరి పనితనం

కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో గడి, అంటే దొర ఉండే కోటలాంటి భవంతి, అనగానే పెద్దమనుషులకు ముందుగా యాదికొచ్చేది వెట్టి. 1978 సెప్టెంబరులో దొరలకు ఎదురుతిరిగిన రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్ర తర్వాత ఎంతోమంది దొరలు ఊరు విడిచి పట్నం చేరారు. గడుల గోడల్లో రావిచెట్లు మొలిచాయి. జనం కోపం న్యాయమైనదే. అయితే ఆ గోడలను లేపింది ఉప్పరి, వడ్డెర, వడ్ల, కమ్మరి చేతులు. ఆ చేతుల గొప్పతనం కళ్లారా చూడాలంటే పాత కరీంనగర్‌కు పొరుగున, కామారెడ్డి జిల్లా దోమకొండకు పోవాలి.

దోమకొండ సంస్థానాధీశులు కామినేని వారు 18వ శతాబ్దంలో కట్టించిన కోట ఇది. చుట్టూ రాతి గోడ, బురుజులు. లోపల కాకతీయ శైలి స్తంభాలతో మహాదేవుని గుడి, రాజభవనం, అద్దాల మేడ.

నన్ను కట్టిపడేసింది భవనంలోని సున్నం పని. గుండ్రటి స్తంభాలు, వాటి మీద కమానులు, కమానుల అంచున గచ్చు నగిషీ. డంగుసున్నం అంటే సున్నాన్ని, ఇసుకను గానుగలో మెత్తగా నూరాలి. జిగికి బెల్లం నీళ్లు, కరక్కాయ కషాయం కలిపే ఆనవాయితీ ఉండేది. పొర మీద పొర వేస్తూ, చివరి పూతను తడి ఆరకముందే నున్నగా రుద్దాలి. పువ్వైనా తీగైనా ఆ తడిలోనే తీర్చాలి. తొందరపడితే పగుళ్లు వస్తాయి, ఆలస్యమైతే పట్టు దొరకదు. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ ఏళ్ల తరబడి గట్టిపడుతుంది. గోడలోని చెమ్మనూ బయటికి వదులుతుంది. పాత గోడకు సిమెంటు పూస్తే ఆ చెమ్మ లోపలే చిక్కుకుంటుంది, గోడ గుల్లబారుతుంది. గడులను పాడుచేసిన వాటిలో వానల తర్వాత ఇలాంటి మరమ్మతులే ముందుంటాయని నా నమ్మకం.

దోమకొండలో ఆ పొరపాటు జరగలేదు. కామినేని వారసులు సొంత ఖర్చుతో, వాస్తుశిల్పి అనురాధా నాయక్ పర్యవేక్షణలో, పాత పద్ధతులతోనే కోటను ఏళ్ల తరబడి బాగుచేయించారు. 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారాల్లో దీనికి అవార్డ్ ఆఫ్ మెరిట్ దక్కింది. నా దృష్టిలో ఆ గౌరవంలో సగం సున్నం నూరినవాళ్లదే.

మీ ఊరి గడి బడిగానో పంచాయతీ ఆఫీసుగానో మారి, మరమ్మతుకు వస్తే, సిమెంటు బస్తా దించేముందు సున్నం పని తెలిసిన మేస్త్రీని ఒక్కసారి పిలిపించండి.