క్లాను నామములు : అపత్యార్థవిచారము

మన గ్రామకైఫీయతులను, రాజవంశావళులను సేకరింపించిన కర్నల్ కాలిన్ మెకంజీ పేరెఱుఁగని పరిశోధకుఁడు మనలో లేఁడు. 1821లో దివంగతుఁడైన యీతఁడు స్కాట్లండునకుఁ బడమర నున్న లూయిస్ ద్వీపమున, స్టార్నొవే యను రేవుపట్టణమునఁ బుట్టినవాఁడు. పరుల వంశవృక్షములను గూర్చిన యీతని యింటిపేరే యొక లేఖకప్రమాదమున కుదాహరణము. గేలిక్ భాషలో నది 'మాక్ కొయ్‌నిచ్', అనఁగాఁ గొయ్‌నెచ్ కొడుకు. పాత స్కాటు లేఖకులు యకారప్రాయమైన ధ్వనికి వాడిన యొక వర్ణమునకు అచ్చుకూటములలో దిమ్మ లేకపోఁగా, ఆకారసామ్యముచేత 'జెడ్' అను నక్షరమును దానికి బదులుగాఁ బెట్టిరి. పిమ్మట వ్రాఁతను బట్టి పలుకే మాఱెను. 'మెన్జీసు' అని వ్రాసెడి పేరును స్కాట్లండున నేఁటికిని 'మింగిస్' అని పలుకువారు కలరు. తాళపత్రప్రతులను సరిచూచినవారి కిది వింతగాఁ దోఁపదు.

కెనడా, అమెరికా, ఆస్ట్రేలియా, న్యూజీలండు దేశములఁ బుట్టి, తాతముత్తాతలు స్కాట్లండు విడిచిన సంగతి మాత్రమే తెలిసినవా రనేకులు తమ మూలమును వెదకుచున్నారు. వారు మొట్టమొదటఁ దెఱచు గ్రంథములు రెండు : ఫ్రాంకు ఆడము 1908లోఁ బ్రకటించిన క్లానుల చరిత్రము, జార్జి ఫ్రేజరు బ్లాకు 1946లోఁ బ్రకటించిన స్కాట్లండు ఇంటిపేర్ల నిఘంటువు. మొదటిదానిలో నే యింటిపేరు ఏ క్లానునకు శాఖయో తెలుపు పట్టిక యున్నది. ఆ పట్టికనుబట్టి పేరు వెదకుకొని, ఒక నాయకుని తమ కులపెద్దగా నంగీకరించి, సంఘమునఁ జేరుట పరిపాటియైనది. ఈ పద్ధతి చింత్యమని నా యభిప్రాయము.

'క్లన్' అను గేలిక్ శబ్దమునకు సంతానమని యర్థము. మొక్క యను నర్థముగల లాటిను 'ప్లాంతా' శబ్దమే ప్రాచీన ఐరిషు భాషలోఁ గకారాదియై యిట్లైనదని భాషావేత్తలు నిర్ణయించిరి. వెదురునకుఁ బేరైన వంశశబ్దము మనకుఁ గులవాచకమగుట యిచ్చట స్మరణీయము. 'మాక్' పుత్రవాచకము, షష్ఠ్యంతమైన పితృనామము దానిని వెన్నంటి వచ్చును. స్త్రీ కది 'నిక్' అగును. ఐర్లండున వినవచ్చు 'ఓ' యనునది మొదట మనుమఁడను నర్థముగలది. పాణినీయము చదివినవారికి వెంటనే తోఁచును : పౌత్రాదిసంతానమునకే గోత్రసంజ్ఞ గనుక 'ఓ' గోత్రార్థకము, 'మాక్' అనంతరాపత్యార్థకము. నిజముగా మొదట 'మాక్' పేరు ప్రతితరమునను మాఱుచుండెను. తండ్రి డోనాల్డైనచోఁ గొడుకు మాక్డొనాల్డు. వాని పేరు ఇయాన్ అయినచో వాని కొడుకు మాకియాన్. ఇట్లు పితృపితామహాదుల పేర్లను వరుసగాఁ జెప్పుకొనుట వారి యాచారము. ఆ ప్రవాహము గడ్డకట్టి యొక్కచోట నిలిచినప్పుడే 'మాక్' ఇంటిపేరైనది.

ఆడముగారి పట్టికను వాడువారి పొరపా టిచ్చటనే కలదు. అపత్యార్థమునఁ గనఁబడు రూప మన్నిచోట్లను అపత్యమునే చెప్పునని వారు నమ్మిరి. శివుఁడను పేరుగల మనుజుని కొడుకును 'శైవుఁడు' అగును. శివుఁడు దేవతగాఁ గలవాఁడును 'శైవుఁడు' అగును. అణ్ ప్రత్యయ మొక్కటే, అర్థములు వేఱు. 'పాణినీయులు' పాణిని కొడుకులు గారు, ఆయన శాస్త్రము చదివినవారు. స్కాట్లండు కొండసీమలలో దొర భూమిని సాగుచేసి, ఆయన కత్తికిఁ దోడునిలిచి, ఆయన పేరు దాల్చినవా రనేకులు. వారి 'మాక్' ఇదమర్థకమే కాని యపత్యార్థకము గాదు. ఓటుపిండి కొలత కాశపడి ఫ్రేజరు పేరు పెట్టుకొన్నవారని కొందఱను గూర్చి యొక పరిహాసోక్తి యా దేశమునఁ గలదు.

తద్విపరీతమును గలదు. 1603లో మాక్‌గ్రెగరు అను నామమునే రాజశాసనము నిషేధించెను. 1661లో నా నిషేధము తొలఁగి, 1693లో మరల వచ్చి, 1774లోఁ గడపటిసారి తొలఁగినది. ఆ మధ్యకాలమున వారు మరే, డ్రమ్మండు, కాంబెల్ మొదలైన పేర్లలో దాఁగిరి. ప్రసిద్ధుఁడైన రాబ్ రాయ్ తల్లివైపు పేరైన కాంబెల్ అను పేరును వాడెను. వీరి సంతతి యింటిపేరును బట్టి పట్టికలోఁ జూచుకొన్నచోఁ దమ పూర్వుల విరోధుల పంక్తిలోనే కూర్చుండవలసివచ్చును!

వృత్తినామముల సంగతి యింకను స్పష్టము. మాకింటైరు వడ్రంగి కొడుకు, మాక్ఫెర్సను చర్చిగురువు కొడుకు, మాక్నాబు మఠాధిపతి కొడుకు. వడ్రంగి లేని యూరేది? టేలరు, క్లార్కు మొదలగు సామాన్యనామములను గూడ నొక్కొక్క క్లానునకుఁ గట్టిపెట్టుట మఱింత సాహసము. మనలోను ఒకే యింటిపేరు భిన్నగోత్రీకులకుఁ గలదు. పేరు కలిసినంతమాత్రమున సగోత్రులని చెప్పరాదు.

బ్లాకుగారి నిఘంటు విట్టిది కాదు. పేర్లను అకారాదిగాఁ గూర్చి, ఒక్కొక్కదాని పూర్వప్రయోగములను దానపత్రాదులనుండి సంవత్సరసహితముగాఁ జూపెను. శ్లాఘనీయమైన కృషి. ఐనను ఆ మొదటి ప్రయోగమునఁ గనఁబడిన వ్యక్తియే తన మూలపురుషుఁడని సామాన్యపాఠకుఁడు భ్రమించుచున్నాఁడు. శబ్దముయొక్క ప్రథమప్రయోగము వేఱు, వంశముయొక్క ప్రథమపురుషుఁడు వేఱు. ఈ దోషము గ్రంథకర్తది గాదు.

పండితకల్పితములైన వంశావళులును నిర్దుష్టములు గావు. కాంబెలులు ఆర్థరు రాజువఱకును, మాక్డొనాల్డులు ఐర్లండు రాజు కాన్ వఱకును దమ పరంపరను గొనిపోయిరి. మాక్డొనాల్డుల మూలపురుషుఁడు 1164లో హతుఁడైన సోమర్‌లెడ్. ఈ పేరు ఐరిషుది గాదు. వేసవిలో నౌకలపై సంచరించువాఁడను నర్థముగల నార్వే భాషాశబ్దము. ఇటీవల నా వంశపు నాయకులను శాస్త్రజ్ఞులు పరీక్షింపఁగాఁ, దండ్రినుండి కొడుకునకు వచ్చు బీజచిహ్నము వారందఱిలో నొక్కటియై, నార్వేలో విరివిగా నుండునదిగాఁ దేలెను. శబ్దము ముందే చెప్పిన సాక్ష్యమిది. అంతకంటె ముఖ్యము, ఆ యింటిపేరుగల పురుషులలో నధికసంఖ్యాకుల కీ చిహ్నము లేదు. ఇదమర్థకమని నేను జెప్పినదాని కిది నిదర్శనము. గళ్లబట్టల విషయమున 1842లో వెలువడిన 'వెస్టియేరియం స్కాటికం' ప్రాచీనప్రతినుండి వచ్చినదని చెప్పుకొన్న కూటరచనయే గనుక విస్తరింపను.

ఇదంతయు శబ్దచర్చ మాత్రమే కాదు. 1746లోఁ గలోడెన్ యుద్ధమున నోడిన పిమ్మట, వంశపారంపర్యముగా నాయకులకుఁ గల న్యాయాధికారము తొలఁగెను. కాలక్రమమునఁ బెక్కుచోట్ల భూస్వామియైన నాయకుఁడు గొఱ్ఱెలమందలకై తన పేరు దాల్చిన రైతులనే వెడలఁగొట్టెను. తండ్రివలెఁ జూడవలసినవాఁడు కౌలు లెక్క చూచుకొనెను. ఓడలెక్కినవారు భూమిని గోల్పోయిరి గాని పేరును వదలలేదు. కెనడాలోని గ్లెంగారీ వారు విడిచిన లోయపేరే. అట్టివారి మునిమనుమఁడు సముద్రము దాఁటి వచ్చి యడుగునది బొమ్మవేసిన వంశవృక్షము గాదు, తన తాత నిలిచిన నేల యేదియని. ఆతనికిఁ దప్పుడు తాతను జూపించుట క్షమార్హము గాదు.

ప్రమాణములు లేకపోలేదు. 1855 జనవరి 1 నుండి జనన వివాహ మరణములు ప్రభుత్వమువారిచే నమోదగుచున్నవి. మొదటి సంవత్సరపు పత్రములు మిక్కిలి వివరములు గలవి. అంతకుఁ బూర్వము చర్చిగ్రామముల పుస్తకములు గలవు. ఎరోల్ గ్రామపుఁ బుస్తకము 1553నాఁటిది. కొండసీమలఁ బెక్కుచోట్ల నివి పదునెనిమిదవ శతాబ్ది చివరకుఁ గాని మొదలుగావు. 1841 మొదలు జనాభాలెక్కలలో మనుష్యుల పేర్లు దొరకును. వెనుకకు నడచువాఁడు తనతో మొదలిడి, తండ్రికి, తాతకు నొక్కొక్క పత్రము చూపుచుఁ బోవలెను. పత్ర మాగినచోట నాతఁడు నాగవలెను.

ఒక టేలరు వెదకి వెదకి 1790 ప్రాంతమున నొక చర్చిపుస్తకమున నాగినాఁడనుకొందము. ఆడముగారి పట్టికను జూచి కామెరన్ సంఘమునఁ జేరి, నాయకుని చిహ్నమును బెల్టుబొమ్మతోఁ దలపై ధరించుట కాతని కెవ్వరును అడ్డుచెప్పరు. అది సంఘధర్మము, స్నేహధర్మము. కాని వంశావళి వ్రాయునప్పుడు 1790నకుఁ బైన నాతఁడు కామెరన్ అని వ్రాయరాదు. ఆ స్థలము ఖాళీగానే యుంచవలెను.