మాటలు ఆలస్యమైన పిల్లలు – చట్టంలోని నిర్వచనం

బిడ్డకు మాటలు చక్కగా రావాలని వస కొమ్ము అరగదీసి నాకించడం తెలుగు పల్లెలలో తరతరాల అలవాటు. అదేపనిగా మాట్లాడేవాణ్ణి చూచి ‘చిన్నప్పుడు వస ఎక్కువ పోసినారేమో’ అని నవ్వుకోవడమూ అందరికీ తెలిసినదే. వసవల్ల మాటలు వస్తాయనడానికి శాస్త్రంలో ఆధారం లేదు. పైగా అందులో ఉండే బీటా అసరోన్ అనే పదార్థం ఎలుకలలో కంతులు పుట్టిస్తున్నదని తేలి, 1968లో అమెరికా ప్రభుత్వం వసను ఆహారపదార్థాలలో వాడరాదని నిషేధించింది. అయినా ఆ అలవాటులో ఒక మంచిగుణం లేకపోలేదు. మాట విషయంలో ఏమి చేసినా పసితనంలోనే చేయాలన్న తొందర అందులో ఉన్నది. ఈనాటి చట్టంలో కొరవడినది సరిగా ఆ తొందరే.

1995 నాటి వికలాంగుల చట్టం ఏడు రకాల వైకల్యాలను మాత్రమే గుర్తించింది. చూపు, వినికిడి, కదలిక మొదలైనవి ఆ జాబితాలో ఉన్నవిగాని మాట లేదు. 2011 జనాభా లెక్కలలో మాటలోపం గలవారిని విడిగా లెక్కించినారు. చట్టం మాత్రం వారిని విడిగా గుర్తించడానికి మరి కొన్నేళ్ళు పట్టింది. 2016 డిసెంబరులో ఆమోదం పొంది, 2017 ఏప్రిల్ 19న అమలులోకి వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం ఏడును 21 చేసింది. ఆ 21లో ‘వాక్కు, భాషా వైకల్యం’ అనే పేరు కనిపిస్తుంది. ఇది మెచ్చుకోదగిన ముందడుగే. తరగతిలో నోరు విప్పని పిల్లవానికి ఇకపై ఒక స్థానం దొరికిందని ఈ పేరు చూచిన ఉపాధ్యాయుడు సంతోషించడం సహజం.

ఆ సంతోషం అనుబంధంలోని నిర్వచనం చదివేదాకానే నిలుస్తుంది. అక్కడ ఈ వైకల్యాన్ని శాశ్వతమైనదిగా, అవయవలోపంవల్లగాని నాడీసంబంధమైన కారణంవల్లగాని వచ్చినదిగా చెప్పినారు. ఉదాహరణలుగా ఎత్తుకొన్నవి రెండు: స్వరపేటికను శస్త్రచికిత్సతో తీసివేయడం, అఫేసియా. మొదటిది ఎక్కువగా గొంతు క్యాన్సరు వచ్చిన పెద్దవారికి చేసే చికిత్స. రెండవది పక్షవాతం వచ్చినప్పుడో, తలకు బలమైన దెబ్బ తగిలినప్పుడో మెదడులోని భాషాకేంద్రాలు చెడి ఏర్పడే స్థితి. రెండింటిలోనూ మనిషి ముందు మాట్లాడగలిగి, తరువాత ఆ శక్తిని పోగొట్టుకొంటాడు. నిర్వచనం రాసినవారి కళ్ళముందున్నది మాట పోయిన పెద్దమనిషి. మాట ఇంకా రాని బిడ్డ కాడు. ఆ బిడ్డ మెదడును ఏ యంత్రంతో చూచినా సాధారణంగా ఫలానిచోట లోపమున్నదని వేలుపెట్టి చూపలేరు. అతని ఇబ్బంది శాశ్వతమో కాదో నాలుగో ఏట చెప్పగలవారూ అరుదు. కాబట్టి ‘శాశ్వతం’, ‘నాడీసంబంధం’ అన్న రెండు మాటలే అతనిని గడప బయట నిలబెడుతున్నవి.

ఇక్కడ వాక్కునూ భాషనూ వేరుచేసి చూడాలి. పెద్దలు చాలామంది రెండింటినీ కలిపి ‘నత్తి’ అనేస్తారు. ‘కాకి’ని ‘తాతి’ అనీ, ‘రైలు’ను ‘లైలు’ అనీ పలికే పిల్లవాడు తిరునాళ్ళలో తాను చూచినదంతా వరుస తప్పకుండా చెప్పగలిగితే అతని భాష బాగానే ఉన్నది. ఉచ్చారణ ఒక్కటే కుదరలేదు. ఇంకొక పిల్లవాడు ప్రతి అక్షరమూ స్పష్టంగా పలుకుతాడు. కాని ‘పలకను సంచిలో పెట్టి, నీళ్ళు తాగి, వరుసలో నిలబడు’ అంటే మొదటి ముక్కో చివరి ముక్కో మాత్రమే చేస్తాడు. నిన్న ఏమి జరిగిందని అడిగితే రెండు మూడు నామవాచకాలు చెప్పి ఊరుకొంటాడు. తెలుగులో ఒక్క క్రియాపదంలోనే కాలమూ, పురుషా, లింగమూ, వచనమూ ఇమిడి ఉంటాయి. ‘పోయినాడు’, ‘పోయింది’, ‘పోతారు’ అన్న తేడాలు తోటివారికి నాలుగేళ్ళకే అబ్బుతుంటే ఇతనికి బడిలో చేరిన తరువాత కూడా తడబాటే. మొదటి పిల్లవాణ్ణి చూచి తరగతి నవ్వుతుంది, కాబట్టి అతడు అందరి కంటా పడతాడు. రెండవవాడు నవ్వించడు, అల్లరి చేయడు. మొద్దు అనిపించుకొని వెనుక వరుసలో కూర్చొంటాడు. నిజానికి సహాయం ఎక్కువగా కావలసినది ఇతనికే.

ఈ రెండవ రకపు ఇబ్బందికి ఒకప్పుడు ఒక్కొక్క శాస్త్రజ్ఞుడు ఒక్కొక్క పేరు పెట్టినాడు. డొరొతీ బిషప్ నాయకత్వంలో పలు దేశాల నిపుణులు చర్చించి, 2017లో ప్రకటించిన వ్యాసంలో ‘భాషావికాస లోపం’ అనే అర్థమిచ్చే ఒకే పేరును ప్రతిపాదించినారు. ఇంగ్లండులోని సర్రే ప్రాంతంలో బడిలో చేరిన పిల్లలను పరీక్షించి కోర్టినీ నార్బరీ బృందం 2016లో ప్రకటించిన ఫలితం ప్రకారం, వేరే కారణమేదీ కనిపించకుండా ఇట్టి లోపమున్నవారు వందకు ఏడుగురికి పైగా ఉన్నారు. అంటే ముప్పైమంది ఉన్న తరగతిలో ఇద్దరు. సర్రే లెక్కను చిత్తూరు సీమకు యథాతథంగా అంటగట్టరాదుగాని, అమెరికాలో 1997లో వచ్చిన లెక్క కూడా ఏడు దగ్గరనే ఆగడం గమనింపదగినది.

చట్టాన్ని నిందించేముందు దానిని చివరిదాకా చదవడం న్యాయం. అదే అనుబంధంలో, మరొక శీర్షిక కింద, ‘నిర్దిష్ట అభ్యసన వైకల్యాలు’ అన్నవి ఉన్నవి. చదవడం, రాయడం, లెక్కలు చేయడం కష్టమయ్యే స్థితులను చెబుతూ ఆ వాక్యం చివర ‘వికాసాత్మక అఫేసియా’ను కూడా చేర్చినారు. భాషావికాస లోపానికి అది పాత పేర్లలో ఒకటి. అంటే ముందువాకిట నిలబడిపోయిన పిల్లవానికి పెరటివాకిలి ఒకటి ఉన్నదన్నమాట. అంతేకాదు, అభ్యసన వైకల్యాలను వీలైనంత త్వరగా కనిపెట్టాలని ఈ చట్టపు 16వ సెక్షను విద్యాసంస్థలకు బాధ్యత పెట్టింది. కాని 2018 జనవరిలో కేంద్రప్రభుత్వం ప్రకటించిన మార్గదర్శకాలు ఆ వాకిలి తెరిచే వేళను కూడా నిర్ణయించినవి: పరిశీలన మూడో తరగతిలోగాని ఎనిమిదో ఏటగాని, ధ్రువపత్రం ఎనిమిదేళ్ళు నిండిన మీదట. వీలైనంత త్వరగా అన్నది ఎనిమిదేళ్ళయి కూర్చున్నది.

ఎనిమిదేళ్ళు ఎందుకు ఆలస్యమో 1990లో బిషప్, ఆడమ్స్ ప్రకటించిన పరిశోధన తెలుపుతుంది. భాషలో వెనుకబడిన పిల్లలను వారు నాలుగో ఏటినుంచి ఎనిమిదిన్నర ఏళ్ళదాకా గమనించినారు. అయిదున్నర ఏళ్ళలోగా భాష కుదుటబడినవారు తరువాత చదవడంలో పెద్దగా వెనుకబడలేదు. ఆ వయస్సు దాటినా ఇబ్బంది తీరనివారిలో చాలామందికి చదివినది అర్థం చేసుకోవడం కష్టమైంది. చట్టం తలుపు తీసేనాటికి ఈ పిల్లవాడు తెలుగు వాచకంలో మూడో మెట్టు మీద ఉంటాడు. మొదటి రెండు మెట్లూ అతనికి అందనే లేదు.

మార్గదర్శకాలు రాసినవారి పక్షాన చెప్పదగినది కూడా ఉన్నది. చదవడంలో వైకల్యమున్నదా లేదా అని చదువు నేర్పకముందే తేల్చలేరు. రెండేళ్ళకు మాటలు రానివారిలో ఎందరో ఏ చికిత్సా లేకుండానే తోటివారిని అందుకొంటారు. తొందరపడి ముద్రవేస్తే అది బిడ్డకు జీవితాంతం అంటుకొంటుందన్న భయమూ నిరాధారం కాదు. అయితే ఈ అభ్యంతరాలన్నీ ధ్రువపత్రానికి వర్తించేవి, సహాయానికి కావు. 40 శాతం వైకల్యమని డాక్టరు సంతకం చేస్తేనే దొరికే ప్రయోజనాలు వేరు. వారానికి మూడుసార్లు ఒక పిల్లవానితో బొమ్మలు పెట్టుకొని మాట్లాడడం వేరు. ఈ రెండింటినీ ఒకే కాగితానికి కట్టివేయడమే అసలు పొరపాటు.

చిత్రమేమంటే, ప్రభుత్వంలోనే మరొక శాఖ ఈ పిల్లవాణ్ణి ఎప్పుడో గుర్తించింది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పిల్లలలో వెదకవలసిన ముప్పై స్థితులను పేర్కొన్నది. వాటిలో ‘భాషాజాప్యం’ ఒకటి. అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, బడులకు ఒకసారి వైద్యబృందం పోయి చూడాలన్నది అందులోని ఏర్పాటు. ఆరోగ్యశాఖ కాగితంలో కనిపించే బిడ్డ దివ్యాంగుల చట్టంలో కనిపించకపోవడానికి శాస్త్రీయ కారణమేదీ లేదు.

ఈ కాగితాల తేడా వడమాలపేట వంటిచోట ఎట్లా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. 2022 ఏప్రిల్ దాకా చిత్తూరు జిల్లాలో ఉండి, అప్పుడు కొత్తగా ఏర్పడిన తిరుపతి జిల్లాలో చేరిన ఈ మండలం తిరుపతినుంచి పుత్తూరు పోయే దారిలో ఉన్నది. తిరుపతిలో 1960లో స్థాపించిన శ్రీ వేంకటేశ్వర వైద్యకళాశాల ఉన్నది. తిరుమల తిరుపతి దేవస్థానంవారు నడిపే బధిర పాఠశాల, వినికిడి లోపమున్న పసివారికి శిక్షణనిచ్చే శ్రవణం కేంద్రం ఉన్నవి. ఇవి విలువైన సంస్థలే, కాని చెవుల లోపానికి ఏర్పడినవి. చెవులు బాగుండి భాష పెరగని పిల్లవానికి స్పీచ్ థెరపిస్టు దగ్గరకు వారం వారం పోవాలంటే, బస్సు ఛార్జీతోపాటు తల్లి ఆనాటి కూలి కూడా వదులుకోవాలి. మూడు వారాలు పోయి నాలుగో వారం మానుకొన్న తల్లిని అశ్రద్ధ చేసిందనడం అన్యాయం.

ఇక్కడ మరొక చిక్కు ఉన్నది. ఇది తమిళనాడుకు దగ్గరి సీమ. ఇంట తమిళమూ వీధిలో తెలుగూ వినే పిల్లలు పలువురు. రెండు భాషలవల్లనే మాట ఆలస్యమైందని, ఇంట తమిళం మానమని సలహా ఇచ్చేవారున్నారు. ఇది తప్పుడు సలహా. రెండు భాషలు వినడం భాషాలోపాన్ని కలిగించదు. లోపమే ఉంటే అది రెండింటిలోనూ కనిపిస్తుంది. తెలుగులో మాత్రమే తడబడి అమ్మమ్మతో తమిళంలో కథలు చెప్పే పిల్లవానికి లోపం లేదు. తెలుగు ఇంకా కొంత వినవలసి ఉన్నది, అంతే. అట్లాగే ‘యాడికి’, ‘వచ్చినాడు’ అనే సీమ మాట తప్పు కాదు.

నిపుణులు తక్కువైనచోట బడిలోనే సహాయం జరగడం సాధ్యమా అన్న ప్రశ్నకు విదేశాల అనుభవంలో సమాధానం ఉన్నది. ఇంగ్లండులో 1947లో ఇట్టి పిల్లలకని మూర్ హౌస్ అనే ప్రత్యేక పాఠశాల వెలిసింది. తీవ్రమైన లోపమున్నవారికి అటువంటి బడి అవసరమే. మిగిలినవారికోసం అక్కడివారు నఫీల్డ్ కార్యక్రమమని ఒకదానిని రూపొందించి 193 పాఠశాలలలో పరీక్షించినారు. నాలుగైదేళ్ళ పిల్లలకు 20 వారాలపాటు పాఠాలు చెప్పినది థెరపిస్టులు కారు, శిక్షణ పొందిన సహాయకులు. ఆ పిల్లలు తోటివారికన్నా సుమారు మూడు నెలల ప్రగతి అదనంగా సాధించినారు. ఆంధ్రప్రదేశ్‌లో మండల స్థాయిలో భవిత కేంద్రాలూ, వాటిలో ప్రత్యేక శిక్షణ పొందిన ఉపాధ్యాయులూ ఉన్నారు. వారి పట్టికలో పేరు చేరడానికి ధ్రువపత్రాన్ని షరతుగా పెట్టకుండా, అంగన్‌వాడీ కార్యకర్త, ఒకటో తరగతి ఉపాధ్యాయుడు ఇచ్చే పేర్లను తీసుకొనే పద్ధతి పెడితే, చట్టం సవరించేదాకా వేచి ఉండనవసరం లేదు.

పేరు అందగానే మొదట చూడవలసినది చెవులు. చట్టం ‘వినికిడి మందం’ అనడానికి 60 డెసిబెల్‌ల లోపం కావాలన్నది. మాట నేర్చే వయస్సులో 40 కూడా తక్కువేమీ కాదు. చెవినుంచి చీము కారే పిల్లవానికి అన్నిటికన్నా ముందు కావలసినది చెవి డాక్టరు. చెవులు బాగుంటే మిగిలిన పని తరగతిలోనే మొదలు కావచ్చును. పిల్లవాడు ‘మామ బస్సు తిరుపతి’ అంటే, తప్పని దిద్దకుండా, ‘ఔను, మీ మామ బస్సెక్కి తిరుపతికి పోయినాడు. ఎందుకు పోయినాడు?’ అని పూర్తివాక్యం వినిపించి, అతడు తడుముకొన్నంతసేపూ పక్క పిల్లలు అందుకోకుండా ఆపి, జవాబుకోసం ఆగాలి.