రిపోర్టులో రాని హార్మోన్లు

హార్మోన్ల డాక్టరుగా నేను చెప్పడానికి జంకే మాట ఒకటుంది: "మీ థైరాయిడ్ నార్మల్‌గానే ఉందమ్మా." వేరే జబ్బులతో వచ్చినవాళ్లయితే నార్మల్ అనగానే దేవుడికి దణ్ణం పెట్టుకుని లేస్తారు. బరువు పెరిగిందని వచ్చినవాళ్లు కుర్చీలోంచి కదలరు. "ఇంకో ల్యాబ్‌లో చేయించమంటారా మేడమ్?" అని అడుగుతారు. ముందురోజు ఏదో మాత్ర వేసుకున్నాను, దానివల్ల తప్పు వచ్చిందేమోనంటారు. జబ్బు లేదంటే ఇంత దిగులేమిటో తెలియాలంటే ఆ కాగితం ఇంటికి చేరాక ఏం జరుగుతుందో ఊహించుకోవాలి. "చూశావా, రోగమూ లేదు రొష్టూ లేదు, అంతా నోరు కట్టుకోలేకే" అంటుంది ఆడపడుచు. థైరాయిడ్ ఉందని తేలితే ఆవిడ నోరు మూతపడేది. వీళ్లు నా దగ్గరికి సగం వైద్యానికి వస్తారు, సగం సాక్ష్యానికి.

థైరాయిడ్ అంత గట్టి సాక్షి కాదు. ఆ గ్రంథి బాగా మందగించినా, దానివల్ల పెరిగే బరువు చాలామందిలో రెండు నుంచి నాలుగున్నర కిలోలు. అందులోనూ ఎక్కువ భాగం కొవ్వు కాదు, ఒంట్లో నిలిచిపోయిన ఉప్పూ నీరూ. మాత్ర మొదలుపెట్టి, రిపోర్టులో టీఎస్‌హెచ్ దారికొచ్చాక తగ్గేది కూడా ఆ మేరకే. ఇరవై కిలోలు దిగుతాయని ఎదురుచూసినవాళ్లు డోసు పెంచమంటారు. అవసరానికి మించి పెంచితే గుండెదడ, ఎముకల బలహీనత వచ్చిపడతాయి.

అలాగని బరువుకూ హార్మోన్లకూ సంబంధం లేదనుకోకండి. ఉంది, చాలా ఉంది. అసలు చక్రం తిప్పే హార్మోన్లు మనం డబ్బు కట్టి మామూలుగా చేయించుకునే పరీక్షల్లో కనబడవు, అంతే.

లెప్టిన్ కథ నాకు ఎంత చెప్పినా తనివి తీరదు. అమెరికాలోని బార్ హార్బర్‌లో జాక్సన్ ప్రయోగశాల ఉంది. ఎలుకల పెంపకానికి పేరున్న చోటు. 1949లో అక్కడ కొన్ని ఎలుకలు ఆపకుండా తింటూ, మామూలు ఎలుకకు మూడింతల బరువు తూగాయి. తర్వాత షుగరుతో పాటు లావయ్యే ఇంకో రకమూ బయటపడింది. డగ్లస్ కోల్‌మన్ అనే శాస్త్రవేత్త రెండేసి ఎలుకలను పక్కపక్కన కుట్టి, ఒకదాని రక్తం రెండోదానిలోకి పారేలా చేశాడు. మొదటి రకం లావు ఎలుకను మామూలు ఎలుకకు జోడిస్తే, లావుది తిండి తగ్గించి చిక్కిపోయింది. రెండో రకాన్ని జోడిస్తే అది లావుగానే ఉంది, పక్కనున్న మామూలు ఎలుక తిండి మానేసి చచ్చిపోయింది. అంటే 'ఇక చాలు' అని చెప్పేదేదో రక్తంలో తిరుగుతోంది. మొదటి రకానికి అది తయారు కాదు. రెండో రకానికి తయారైనా ఒంటికి ఎక్కదు. అదేమిటో 1994లో రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం పట్టుకుంది. తయారయ్యేది కొవ్వు కణాల్లోనే! ఊరికే పేరుకుపోయిన సరుకనుకున్న కొవ్వు, మెదడుకు కబుర్లు పంపుతోందన్నమాట.

ఆ లెప్టిన్నే మందుగా ఇస్తే లోకమంతా సన్నబడుతుందని ఆశపడ్డారు. పుట్టుకతోనే లెప్టిన్ లేని అతి కొద్దిమంది పిల్లలకు నిజంగానే పనిచేసింది. తొమ్మిదేళ్లకే 94 కిలోలున్న ఒక పాపకు ఇస్తే ఆకలి అదుపులోకి వచ్చి బరువు తగ్గిందని 1999లో కేంబ్రిడ్జ్ డాక్టర్లు ప్రకటించారు. తక్కిన లావుపాటివాళ్ల రక్తం చూస్తే లెప్టిన్ దండిగా ఉంది, మెదడే దాన్ని ఖాతరు చేయడం లేదు. గాదె అడుగంటితే గుండెలు బాదుకునే రైతు, గాదె నిండి పొర్లితే కంగారు పడతాడా? మెదడూ అంతే. కొవ్వు తగ్గుతోందంటే హడలిపోతుంది, పెరుగుతోందంటే పట్టించుకోదు.

ఆ హడలు ఎంతకాలం ఉంటుందో మెల్‌బోర్న్ పరిశోధకులు 2011లో చూపించారు. 50 మందితో మొదలుపెట్టి పది వారాలు బాగా తక్కువ కేలరీల ఆహారం ఇచ్చారు. సగటున 13.5 కిలోలు తగ్గారు. లెప్టిన్ పడిపోయింది, కడుపులో పుట్టి ఆకలిని రేపే గ్రెలిన్ పెరిగింది. ఇంతవరకూ వింతేమీ లేదు. ఏడాది తర్వాత, కొంత బరువు తిరిగి వచ్చేశాక చూసినా ఆ హార్మోన్లు మొదటి స్థితికి రాలేదు. ఆకలీ తగ్గలేదు. కాబట్టి పది కిలోలు తగ్గి, ఏడాది తిరిగేసరికి ఎనిమిది కిలోలు వెనక్కి తెచ్చుకున్నామె "ఇదివరకటికంటే ఎక్కువ ఆకలేస్తోంది మేడమ్, చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది" అంటే నేను నమ్ముతాను. ఆమెకు క్రమశిక్షణ గురించి పాఠం చెప్పే డాక్టర్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఇదంతా వివరించాక చాలామంది అడిగేది ఒకటే: "ఆ లెప్టిన్ పరీక్ష ఎక్కడ చేస్తారు?"

ఇన్సులిన్ సంగతి అందరికీ తెలిసిందే. పీసీఓడీ ఉన్న ఆడపిల్లల్లో చాలామందికి అది అవసరానికి మించి ఉంటుంది. అలాంటివాళ్లు ఐదు శాతం బరువు తగ్గినా నెలసరి దారిన పడటం చూస్తుంటాం.

హార్మోను నిజంగానే దోషిగా నిలబడే కేసులు మా ఊళ్లలో ఎక్కువగా మోకాళ్ల నొప్పుల దగ్గర మొదలవుతాయి. అందుకే థైరాయిడ్ రిపోర్టు తిరగేయకముందే, వాడుతున్న మాత్రలన్నీ బల్ల మీద పెట్టమంటాను. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన పొట్లాంలో పేరు లేని తెల్లమాత్ర ఉందంటే ముందు, హార్మోను మందే అయిన స్టెరాయిడ్‌నే అనుమానిస్తాను. అది వేసుకున్న రోజున నొప్పి చేత్తో తీసేసినట్టు పోతుంది కాబట్టి నెలల తరబడి వాడతారు. మొహం గుండ్రంగా ఉబ్బుతుంది, పొట్ట పెరుగుతుంది, కాళ్లూ చేతులూ సన్నబడతాయి, చర్మం మీద ఊదారంగు చారలు పడతాయి. చుట్టాలు "ఒళ్లు చేశావే" అని మెచ్చుకుంటారు కూడా. అన్నాళ్లు వాడినదాన్ని ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు చెప్పిన ప్రకారం మెల్లగా తగ్గించాలి.

ఇప్పుడు బరువు తగ్గించే ఇంజెక్షన్ల కాలం వచ్చింది. తిన్నాక పేగుల్లోంచి వెలువడే జీఎల్‌పీ-1 అనే హార్మోనుకు నకళ్లు ఇవి. మన ఒంట్లోది నిమిషాల్లో కరిగిపోతుంది. గిలా మాన్‌స్టర్ అనే విషపు బల్లిలో దొరికిన అలాంటి పదార్థం ఎక్కువసేపు నిలవడంతో, 2005లో షుగరు రోగులకు మొదటి మందు వచ్చింది. తర్వాత వచ్చిన సెమాగ్లుటైడ్‌ను వారానికొకసారి వేసుకుంటే 68 వారాల్లో సగటున 15 శాతం బరువు తగ్గినట్టు 2021లో వెలువడిన అధ్యయనం చెప్పింది. మందు మానేసిన ఏడాదికి అందులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది. ఇవి మంచి మందులని నా అభిప్రాయం, తగినవాళ్లకు రాస్తున్నాను కూడా. బీపీ మాత్రలా దీర్ఘకాలం వాడాల్సినవని ముందే చెబుతాను. ఖర్చు లెక్కవేసుకుని వద్దని వెళ్లిపోయేవాళ్లను తప్పు పట్టను.

"మాఘంలో ముహూర్తం మేడమ్, మూడు నెలల కోర్సు రాయండి" అంటూ వచ్చే పెళ్లికూతురి తల్లులతోనే ఇబ్బంది. కోర్సు అనే లెక్క దీనికి కుదరదంటాను. పిల్లలు కావాలనుకుంటే గర్భానికి కనీసం రెండు నెలల ముందే సెమాగ్లుటైడ్ మానేయాలనీ చెబుతాను. అమ్మాయి శ్రద్ధగా వింటుంది. తల్లి మాత్రం "అయితే పెళ్లిదాకా వేసి ఆపేద్దాం" అంటుంది. అప్పుడు ఆవిణ్ణి కాసేపు బయట కూర్చోమని, తగ్గాలని ఎవరికి ఉందో అమ్మాయినే అడుగుతాను.