అంకెగా మిగిలిన దర్శకురాలు

విజయనిర్మల గురించి ఎవరు రాసినా మొదటి పేరాలోనే 44 అనే అంకె వచ్చి కూర్చుంటుంది. 44 సినిమాలకు దర్శకత్వం వహించింది, 2002లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. 2019 జూన్ 27న ఆమె హైదరాబాదులో కన్నుమూసినప్పుడు వచ్చిన నివాళి వ్యాసాలు దొరికినన్ని ముందేసుకుని చదివాను. అన్నిట్లోనూ అంకె ఉంది, కృష్ణ ఉన్నారు, ఆమె మంచి మనసూ ఆతిథ్యమూ ఉన్నాయి. ఆ 44లో ఒక్క సినిమా లోపలికి వెళ్ళి అందులో ఏముందో చెప్పిన వ్యాసం మాత్రం నాకు కనిపించలేదు.

దాసరి నారాయణరావుకీ అంకె ఉంది. ఆయన దాదాపు 150 సినిమాలు తీశారు. కానీ ఆయనకి అంకెతో పాటు 'దర్శకరత్న' అన్న బిరుదుంది, 'దాసరి మార్కు' అన్న మాటుంది. రాఘవేంద్రరావు పాటల్లో హీరోయిన్ బొడ్డు మీద పడే పళ్ళ గురించి కూడా మనవాళ్ళు బోలెడు మాట్లాడారు. మంచిదో చెడ్డదో, ఒక పద్ధతి ఉందని ఒప్పుకున్నారు. విజయనిర్మలకి అంకే బిరుదు. స్త్రీవాద విమర్శ కూడా ఆమెను ఆ అంకె దగ్గరే వదిలేసింది. ఆమె తీసినవి 'స్త్రీల సినిమాలు' కావు, కళాఖండాలు అంతకన్నా కావు. మరి ముప్ఫై ఏళ్ళకు పైగా ఒక స్త్రీ కెమెరా పక్కన నిలబడి, అంతా మగవాళ్ళే ఉన్న సెట్ మీద 'ఇలా చెయ్యండి' అని చెప్పి చేయించుకోవడాన్ని మనం ఏ ఖాతాలో వేయాలి?

ఆమె నటజీవితంలో ఒక విషయం నాకెప్పుడూ విచిత్రంగా తోస్తుంది. బాలనటిగా 'పాండురంగ మహాత్మ్యం' (1957)లో కృష్ణుడుగా కనిపించిన ఈ అమ్మాయికి నాయికగా పేరు తెచ్చింది మలయాళంలో 'భార్గవీ నిలయం' (1964). వైకం ముహమ్మద్ బషీర్ రచన, ఎ. విన్సెంట్ దర్శకత్వం. పాడుబడిన ఇంట్లో దిగిన ఒక రచయిత ఆ ఇంట్లో దెయ్యమై తిరుగుతోందని చెప్పుకునే భార్గవి కథ రాస్తుంటాడు. ఆ భార్గవి విజయనిర్మల. చనిపోయిన ఆడదాని కథ బతికున్న మగవాడు రాస్తుంటే వినడానికి వచ్చే దెయ్యం! తర్వాత తెలుగులో బి.ఎన్. రెడ్డి 'రంగుల రాట్నం' (1966), బాపు మొదటి సినిమా 'సాక్షి' (1967). 'సాక్షి'లో ఆమె పక్కన కృష్ణ. ఎంత పెద్ద దర్శకుల దగ్గర పని నేర్చుకుందో ఈ మూడు పేర్లే చెబుతాయి. 1973లో ఆమె తొలి దర్శకత్వం 'కవిత' అన్న మలయాళ సినిమాతో. అదే ఏడాది తెలుగులో 'మీనా'.

'మీనా' దగ్గర ఆగాలి. అది యద్దనపూడి సులోచనారాణి నవల. ఆ రోజుల్లో రచయిత్రుల నవలలకి సినిమా వాళ్ళు క్యూ కట్టారు. కోడూరి కౌసల్యాదేవి 'చక్రభ్రమణం' 'డాక్టర్ చక్రవర్తి' (1964) అయింది, ఆమెదే 'ప్రేమ్‌నగర్' (1971) సంగతి చెప్పనక్కర్లేదు. యద్దనపూడివి 'జీవన తరంగాలు' (1973), 'సెక్రటరీ' (1976). ఇవన్నీ మగ దర్శకుల చేతుల్లోకి వెళ్ళాయి. ఆడవాళ్ళు రాసిందీ, ఆడవాళ్ళు విరగబడి చదివిందీ మగవాళ్ళ కళ్ళలోంచి తెర మీదికి వచ్చింది. 'మీనా' ఒక్కటి ఆ దారి తప్పింది. రాసింది స్త్రీ, తీసింది స్త్రీ, మీనాగా నటించిందీ తీసిన స్త్రీయే.

కథ చాలామందికి తెలుసు. డబ్బున్న ఇల్లు. ఇంటి మీద పూర్తి అధికారం తల్లిది. తండ్రి మంచివాడు, నోరు మెదపడు. కూతురు మీనా ఏం కట్టుకోవాలో ఎవరితో మాట్లాడాలో ఎవరిని చేసుకోవాలో అన్నీ తల్లి నిర్ణయాలే. ఆ అమ్మాయి తండ్రి తరఫు బంధువులున్న పల్లెకు వెళుతుంది. అక్కడి మనుషులు, వ్యవసాయం చేసుకునే బావ. చివరికి కూతురి ఎంపిక గెలుస్తుంది, తల్లి పంతం ఓడుతుంది. యద్దనపూడి అనగానే మనకి కారులో వచ్చే ఆరడుగుల ధనవంతుడు గుర్తొస్తాడు గానీ ఇక్కడ డబ్బు అమ్మాయిది, మట్టి అబ్బాయిది. బయల్దేరేది అమ్మాయి, చూసేది అమ్మాయి, ఎంచుకునేది అమ్మాయి. ఆమె కళ్ళతోనే మనం ఆ ఊరిని చూస్తాం. రమేష్ నాయుడు బాణీలు సరేసరి.

ఇంతవరకూ బాగానే ఉంది. నన్ను పట్టుకున్నది తల్లి పాత్ర. ఆ ఇంట్లో ఎవరు ఎక్కడ నిలబడాలో, ఎప్పుడు మాట్లాడాలో, ఏ బట్ట వేసుకోవాలో చెప్పేది ఆమె. అంటే, సినిమాలో దర్శకురాలి పని చేసేది ఆమె ఒక్కతే! సెట్ మీద రోజంతా సరిగ్గా ఆ పనే చేస్తున్న స్త్రీ, కెమెరా ముందుకొచ్చి ఆ అధికారానికి భయపడే కూతురు వేషం వేసింది. ఆజ్ఞాపించే ఆడదాన్ని తప్పుపట్టే కథని ఆజ్ఞాపిస్తూ తీసింది. ఇది ఆమె తెలిసి చేసిందని నేను అనను. కానీ 1973లో ఒక స్త్రీ తన మొదటి తెలుగు సినిమాకి ఈ కథనే ఎంచుకోవడం నాకు ఊరికే జరిగినట్టు అనిపించదు.

ఈ ఆలోచన నాకు పుస్తకాల్లో దొరకలేదు. మా ఊరు ఏర్గట్ల. నిజామాబాద్ జిల్లా గురించి బయటివాళ్ళకి బోధన్ చక్కెర ఫ్యాక్టరీ తెలుసు. 2015 చివర్లో మూతపడిన సంగతీ తెలుసు. మా వైపు ఊళ్ళు నిలబడింది మాత్రం ఆడవాళ్ళ బీడీల మీద, మగవాళ్ళ దుబాయి మీద. విజయనిర్మల పోయిన ఏడాది వానాకాలంలో ఊరికి వెళ్ళినప్పుడు లాప్‌టాప్‌లో 'మీనా' పెట్టాను. మా పెద్దమ్మా, ఇంకో ముగ్గురూ చాటలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. తునికాకు కత్తిరించడానికి చూపు కావాలి గానీ బీడీ చుట్టడానికి అక్కర్లేదు. చేతుల పని చేతులది, కళ్ళు తెర మీద. తల్లి తండ్రిని గద్దిస్తుంటే నేను 'ఆధిపత్యాన్ని స్త్రీ ముఖంతో చూపించడం' అనే నా క్లాసు పాఠం మనసులో సర్దుకుంటున్నాను. పెద్దమ్మ దారం తెంపి, తల ఎత్తకుండానే అన్నది:

"మొగోడు నోరు మెదపకుంటె ఇల్లెవ్వలు నడ్పాలె బిడ్డా? నడ్పకుంటె చాతగాదంటరు. నడ్పితె గయ్యాళి అంటరు."

పెదనాన్న పదిహేడేళ్ళు దుబాయిలో ఉన్నాడు. కూతుళ్ళ పెళ్ళిళ్ళు, ఇంటి స్లాబు, పొలం కౌలు, అప్పులోళ్ళతో పంచాయితీ అన్నీ పెద్దమ్మ చేసింది. ఆయన తిరిగొచ్చాక ఊళ్ళో ఆమెకు వచ్చిన పేరు 'మొగోన్ని కొంగుకు కట్టుకున్నది' అని. ఆమె ఆ సినిమాలో మీనాని చూడలేదు, తల్లిని చూసింది. సినిమా అయిపోయాక, ఆ మీనాగా వేసినామెనే దీన్ని తీసిందని చెప్పాను. కాసేపు నమ్మలేదు. తర్వాత అడిగింది, "మరి గామె ఎవ్వలి దిక్కు?" అని.

ఆ ప్రశ్న మన సినిమా విమర్శ ఆమెను అడగలేదు. అడిగింది ఇంకొకటి: నిజంగా తీసింది ఆమేనా, వెనక కృష్ణ ఉన్నారా? హీరో భర్త, సంస్థ ఇంటిది, కాబట్టి పేరు మాత్రం ఆమెది అన్న గుసగుస. ఊళ్ళలో సర్పంచి భర్త గురించి అనే మాటే ఇది, కాకపోతే సినిమా భాషలో. భర్త స్టార్ కావడం ఆమెకు తలుపు తెరిచిందన్నది నిజమే. తెలుగు సినిమాలో తండ్రులూ అన్నలూ బావలూ తెరిచిన తలుపుల్లోంచి వచ్చిన దర్శకుల్ని, హీరోల్ని మాత్రం మనం 'వారసులు' అని గౌరవంగా పిలుస్తాం. ఇక ఇళ్ళలో ఆమె ప్రస్తావన వస్తే మొదట వచ్చేది సినిమా కాదు, రెండో పెళ్ళి.

ఇలా జరిగింది ఒక్క ఆమెకే కాదు. 1918లో లండన్‌లో నాటకాల కుటుంబంలో పుట్టి హాలీవుడ్‌లో నటిగా పేరు తెచ్చుకున్న ఐడా లుపినో 1949లో 'నాట్ వాంటెడ్' సినిమాకి దర్శకుడు జబ్బుపడితే పని చేతిలోకి తీసుకుంది, పేరు వేసుకోకుండానే. పెళ్ళికాని తల్లి కథ అది. మరుసటి ఏడాది 'ఔట్‌రేజ్'లో అత్యాచారం తర్వాత ఒక అమ్మాయి మనసు ఏమవుతుందో తీసింది. 1950లో! ఆ కాలంలో హాలీవుడ్‌లో ఆ పని చేస్తున్న ఆడవాళ్ళు ఆమె తప్ప లేనట్టే. సెట్ మీద ఆమె కుర్చీ వెనక 'మనందరి తల్లి' అని రాయించుకుంది. మగ సాంకేతికుల్ని ఆజ్ఞాపించకుండా, అమ్మ బతిమాలినట్టు చెప్పి పని చేయించుకునేదాన్నని తనే చెప్పుకుంది. అధికారాన్ని అమ్మతనం కింద దాచుకోవాల్సి వచ్చిందన్నమాట. 1953లో 'ది బైగమిస్ట్'లో ఇద్దరు భార్యల మగవాడి కథ తీసి, అందులో రెండో భార్యగా తనే నటించింది. దాని రచయిత, నిర్మాత ఆమె మాజీ భర్త. మొదటి భార్యగా వేసినామె అప్పటికి ఆయన భార్య. మన పత్రికలకి ఇలాంటిది దొరికితే ఎన్ని సంచికలు నడిపేవో!

అదే 1953లో మద్రాసులో భానుమతి 'చండీరాణి' తీసింది. తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లో, తనే దర్శకురాలు, తనే ద్విపాత్రలు. కవల అక్కచెల్లెళ్ళలో ఒకరు రాజభవనంలో అణిగిమణిగి పెరిగిన పిల్ల, మరొకరు అడవిలో ఎదురులేకుండా పెరిగిన పిల్ల. ఆడపిల్లని రెండు ముక్కలు చేస్తే తప్ప ఎదురు తిరిగే పిల్లని తెర మీద చూపించే వీలు లేకపోయిందేమో. భానుమతిని సాహిత్యం వాళ్ళు 'అత్తగారి కథలు' పుణ్యమా అని తమలో కలుపుకున్నారు. సినిమా వాళ్ళు మాత్రం ఆమె ఆజ్ఞకి 'పొగరు' అని పేరు పెట్టారు, ఇప్పటికీ ముచ్చటగా చెప్పుకుంటారు.

సావిత్రిది మరో రకం. 'చిన్నారి పాపలు' (1968)కి ఆమె దర్శకత్వం, సరోజిని కథ, పి. లీల సంగీతం, రాజసులోచన నృత్యాలు. ఇంతమంది స్త్రీలు కలిసి తీసిన సినిమా తెలుగులో అంతకుముందు లేదు, తర్వాత ఎన్నున్నాయో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆ తర్వాత 'మాతృదేవత' (1969), 'వింత సంసారం' (1971), తమిళంలో 'ప్రాప్తం' (1971) తీసింది. కానీ 2018 నాటి 'మహానటి' చూసొచ్చిన మా విద్యార్థినులని అడిగితే సావిత్రి దర్శకత్వం ఆమె పతనంలో ఒక మెట్టుగా గుర్తుంది. ప్రేమ, మందు, అప్పులు, వాటితో పాటు దర్శకత్వం. డబ్బు పోగొట్టుకున్న మగ దర్శకుడి గురించి 'సినిమా కోసం సర్వం ధారపోశాడు' అంటాం. సావిత్రి విషయంలో అది పాఠం అయిపోయింది, ఆడపిల్లలు నేర్చుకోవాల్సిన పాఠం.

ఈ ముగ్గురి పక్కన పెట్టి చూస్తే విజయనిర్మలతో చిక్కేమిటో తెలుస్తుంది. ఆమె చితికిపోలేదు, కాబట్టి విషాదం లేదు. పొగరుబోతన్న పేరూ రాలేదు. 'దేవదాసు' (1974) తీసి దెబ్బతిన్నది. పార్వతిగా తనే వేసింది, 1953 నాటి సావిత్రి పార్వతి ఇంకా జనం కళ్ళలో ఉండగా. అది సాహసమో మొండితనమో గానీ, మరుసటి రోజు మళ్ళీ పనికి వెళ్ళింది. 'హేమాహేమీలు' (1979)లో అక్కినేనినీ కృష్ణనీ, 'బెజవాడ బెబ్బులి' (1983)లో శివాజీ గణేశన్‌నీ డైరెక్ట్ చేసింది. కథగా చెప్పుకోవడానికి పనికిరాని జీవితం. పనిచేసింది, అంతే. అందుకే అంకె మిగిలింది.

ఆ పనిలో చాలా భాగాన్ని నేను వెనకేసుకు రాలేను. 'రామ్ రాబర్ట్ రహీమ్' (1980) హిందీ 'అమర్ అక్బర్ ఆంథోనీ'కి తెలుగు రూపం. తప్పిపోయిన ముగ్గురు కొడుకులు, ఏడ్చే తల్లి, పాటలకి ముగ్గురు అమ్మాయిలు. స్త్రీ తీసిన ఆనవాలు వెతికితే దొరకదు. ఆమె సినిమాల్లో ఆడవాళ్ళు కాళ్ళమీద పడతారు, తాళిబొట్టు కళ్ళకద్దుకుంటారు. స్త్రీ కెమెరా వెనక నిలబడితే చూపు దానంతటదే మారిపోతుందన్న ఆశ ఇక్కడ నిలవదు. నాకు ఇదే ముఖ్యంగా కనిపిస్తుంది. మార్కెట్టు హీరోనీ ఫైటునీ అడిగింది, ఆమె ఇచ్చింది, మగ దర్శకుల్లాగే. మగ దర్శకుల మామూలు సినిమాల మీద పీహెచ్‌డీలు జరుగుతున్నాయి. మామూలు సినిమా తీసే హక్కు స్త్రీకి ఉందా, లేక తీస్తే గొప్పదే తీయాలా?

2016లో త్రివిక్రమ్ 'అ ఆ' వచ్చినప్పుడు 'మీనా'తో పోలికల మీద చర్చ జరిగింది, విడుదలయ్యాక టైటిల్స్‌లో యద్దనపూడి పేరు చేరింది. న్యాయమే. నేను చదివిన చర్చలో ఆ నవలని 43 ఏళ్ళ ముందు తెరకి తెచ్చినామె గురించి 'కృష్ణ నటించిన పాత సినిమా' అన్న మాట కన్నా ఎక్కువ లేదు. 'అ ఆ'లో కూడా తల్లి గద్దిస్తుంది, కూతురు పల్లెకి పోతుంది. రెండూ పక్కపక్కన పెట్టి, తల్లికి ఏ సినిమా ఎంత మాట్లాడే చోటు ఇచ్చిందో సన్నివేశం తర్వాత సన్నివేశం రాసుకొమ్మని ఈ ఏడాది ఎం.ఏ. పిల్లలకి ఇచ్చాను. పెద్దమ్మ ప్రశ్న కూడా కాగితం మీద రాసి ఇచ్చాను, ఆమె యాసలోనే. 'కవిత' మలయాళం సబ్‌టైటిళ్ళు లేకుండానైనా సరే, ఎవరి దగ్గరైనా ఉంటే నాకు పంపండి.