శాంతి ఆటలో కుర్చీ లేనివాళ్ళు

'పీస్‌మేకర్' కంప్యూటర్ ఆట 2007లో వచ్చింది. పుట్టింది అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో. ఇజ్రాయెల్ ప్రధానిగానైనా ఆడొచ్చు, పాలస్తీనా అధ్యక్షుడిగానైనా ఆడొచ్చు. మధ్యమధ్య నిజమైన వార్తాదృశ్యాలొస్తాయి. ఇరుపక్షాల్నీ మెప్పిస్తే రెండు దేశాలూ, నోబెల్ శాంతి బహుమతీ! ఓడితే మళ్ళీ మొదలెట్టుకోవచ్చు. గాజాలో ఆ సౌకర్యం లేదు.

ఎదుటివాడి కుర్చీలో కూర్చోబెట్టడం చిన్న విషయం కాదు, ఒప్పుకుంటాను. పాలస్తీనా వైపు ఆడితే ఆ అధ్యక్షుడి చేతిలో అధికారం ఎంత తక్కువో కూడా తెలిసొస్తుంది. కానీ ఉన్నవి రెండే కుర్చీలు, రెండూ నాయకులవే. చెక్‌పోస్టు దగ్గర గంటలకొద్దీ నిలబడ్డ ఆడమనిషి ఎక్కడ? ఆమె కోపం తెరమీద ఒక అంకె. ఆ అంకెను సర్దడమేనా శాంతంటే? ఎవరి శాంతి అది?

సూడాన్ అంతర్యుద్ధం నుంచి తల్లిదండ్రులు పారిపోతుంటే దారిలో పుట్టినవాడు లువల్ మయెన్. ఉగాండా శరణార్థి శిబిరంలో పెరిగాడు. అతను తయారుచేసిన ఆట పేరు 'సలాం'. (మన ఇళ్ళల్లో రోజూ వినబడే మాటే.) ఇందులో ఆడేవాడు పాలకుడు కాదు, పరుగెత్తే శరణార్థి. తిండి కావాలి, నీళ్ళు కావాలి, మందు కావాలి. అక్కడ అంకెగా మిగిలిన మనిషే ఇక్కడ ఆట నడుపుతున్నాడు. పిల్లలకు శాంతి పాఠం చెప్పాలంటే నేను ముందు దీన్నే ఆడిస్తాను. ప్రధానుల ఆట తర్వాత.