గోడ ఆరేదాకా

మా వరంగల్‌లో వరద కబురు ముందు చెప్పేవి చెరువుల మత్తళ్లు. వడ్డేపల్లి చెరువు మత్తడి దుంకిందంటే నయీంనగర్ నాలా పక్కన ఇళ్లలో బియ్యం బస్తాలు మంచాలెక్కుతాయి. బొందివాగు పొంగితే ఎన్టీఆర్ నగర్ వంతు. 2020 ఆగస్టులో, 2023 జూలైలో మునిగాం, 2025 అక్టోబరులో మొంథా తుపానుకు మళ్లీ మునిగాం. ఒక చెరువు నిండితే ఇంకో చెరువుకు నీళ్లు పోయేలా కాకతీయులు గొలుసు కట్టారు. ఆ గొలుసు మధ్యలో కాలనీలు వేసుకున్నది మనం. ఆ తగువు ఇంకోసారి చూద్దాం. ఈ వారం ఇంట్లోంచి నీళ్లు పోయాక చేసుకునే పని గురించి.

మెయిన్ స్విచ్ ఆపామని నిశ్చింతగా లోపలికి నడిచేవాళ్లను చూస్తే నాకు గుండె దడ. ఊరంతా కరెంటు పోయినా మూలనున్న ఇన్వర్టర్ తన పని తాను చేస్తూనే ఉంటుంది. ముందు దాని సంగతి చూడాలి. బురదను మాత్రం నీళ్లు దిగుతుండగానే, ఆ నీళ్లతోనే బయటికి తోసెయ్యాలి. ఒక్క ఎండ తగిలిందా, ఆ ఒండ్రు పారకు కూడా లొంగదు. బ్లీచింగ్ చల్లిన చోట బాత్రూం యాసిడ్ పోయకండి. ఆ రెండూ కలిస్తే వచ్చే క్లోరిన్ వాయువు ఊపిరితిత్తులను కాల్చేస్తుంది.

అసలు కథ గోడది. మోకాలి దాకా నీళ్లొచ్చిన గదిలో తడి మోకాలి దగ్గర ఆగదు. ఇటుక సందుల్లోంచి పైకి పాకుతుంది. మరకకు మూరెడు ఎత్తున కూడా చెయ్యి పెడితే చల్లగా తగులుతుంది. ‘గోడ తాగుడు రెండు గంటలే సార్, కక్కుడే మూడు నెలలు’ అన్నాడు మాకు తెలిసిన మేస్త్రీ. ఆ మూడు నెలలు ఆగే ఓపిక మనకేదీ? పండగొస్తోందనో, చుట్టాలొస్తున్నారనో, పక్కింటివాళ్లు వేయించారనో పదిహేను రోజులకే పుట్టీ, రంగు. తడి బయటికి రావాలంటే దారి కావాలి. ఆ దారి మూసేస్తే వెనక చేరిన ఉప్పు తెల్లగా పూసి, రంగును పొక్కులుగా లేపి, పెచ్చులుగా రాలుస్తుంది. అప్పుడు తిట్లు పెయింట్ కంపెనీకి.

గోడ ఆరిందో లేదో తెలుసుకోవడం తేలికే. జానెడు పాలిథిన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించి, మర్నాడు చూడండి. లోపల చెమట పట్టిందంటే ఇంకా ఆరలేదు. రూపాయి బిళ్లతో తట్టి చూడండి. డొల్లగా మోగిన చోట ప్లాస్టరు గోడను వదిలేసింది, దాన్ని కొట్టేయాల్సిందే. అలమరాలను గోడకు జరిపి పెట్టకండి. టేకు మంచం నీడన ఆరి మళ్లీ పనికొస్తుంది. పార్టికల్ బోర్డు కప్‌బోర్డు ఒకసారి ఉబ్బితే దాని మీద ఆశ వదులుకోవడమే.

పట్టాదారు పాసుపుస్తకం, పిల్లల మెమోలు, పెళ్లి ఫొటోలు ముద్దయితే చేతులు ఊరుకోవు, ఒక్కొక్కటీ పీకబోతాయి. పీకితే అచ్చు, బొమ్మ ఊడొస్తాయి. ఫొటోలను మంచినీళ్లలో మెల్లగా కడిగి బొమ్మ పైకి ఉండేలా పరచాలి. కాగితాలు ఆరబెట్టే తీరిక లేకపోతే వాటిని కవర్లో పెట్టి, కరెంటున్న ఇంట్లో డీప్ ఫ్రీజర్‌లో పడేయండి. రెండు రోజులు దాటితే పట్టే బూజు అక్కడ ఆగిపోతుంది. వరదల్లో తడిసిన పుస్తకాలకు గ్రంథాలయాలవాళ్లు చేసేదీ ఇదే.

ఇందులో నెల కూడా లెక్కే. అక్టోబరు చివర తడిసిన ఇల్లు అదృష్టం చేసుకున్నట్టు. వెనకాలే చలికాలపు పొడిగాలి వస్తుంది, కిటికీలు తెరిస్తే చాలు. జూలైలో తడిసిన గోడకు ఆ యోగం లేదు. బయట గాలే తడి. అలాంటి ఇంటికి దసరాకు రంగు వేయించడం డబ్బు నాలాలో పోసుకోవడమే, వేస్తే సంక్రాంతికి వేయించుకోండి. ఈలోపు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి స్విచ్‌బోర్డులు నడుమెత్తుకు పైకి మార్పించండి. గోడ ఎలాగూ చెక్కాలి, మళ్లీ పూయాలి. రంగు వేసాక ఆ పని పెట్టుకుంటే ఖర్చు రెండింతలు.